ఒకే ప్రాసెస్‌లో ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో లొకేల్ పెట్టడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: సీ భాషలో రాసిన మల్టీథ్రెడెడ్ (ఒకే ప్రాసెస్‌లో చాలా థ్రెడ్లు, అంటే పక్కపక్కనే సాగే పనులు, నడిపే) సర్వర్ ఉంది. ప్రతి రిక్వెస్ట్‌తో పాటు వాడేవారి భాష కూడా వస్తుంది. పని అందుకున్న థ్రెడ్ సెట్‌లొకేల్ (లొకేల్‌ను, అంటే ఒక భాషకు తగ్గ తేదీల, అంకెల పద్ధతిని, ప్రాసెస్ మొత్తానికి మార్చే ఫంక్షన్) పిలిచి, తేదీలూ అంకెలూ ఆ భాష పద్ధతిలో రాసి, చివర్లో పాత లొకేల్‌ను తిరిగి పెట్టేస్తోంది. ఒక్కరే వాడుతున్నంతసేపు అంతా బాగుంది. లోడ్ పెరిగాక ఒకరి తేదీ ఇంకొకరి భాషలో వస్తోంది, అప్పుడప్పుడు అంకెల్లో పాయింట్ తర్వాతి భాగం మాయమవుతోంది. సెట్‌లొకేల్ చుట్టూ మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలే తాళం) పెట్టినా తగ్గలేదు. థ్రెడ్‌కు విడిగా లొకేల్ ఇచ్చే దారి ఉందా అని అడిగారు.

ఉంది. సెట్‌లొకేల్‌ను మెయిన్‌లో, థ్రెడ్లు మొదలవకముందు, ఒక్కసారి పిలవండి. ఆ తర్వాత దాని జోలికి వెళ్లకండి. కావలసిన లొకేల్ ఆబ్జెక్టులను న్యూలొకేల్‌తో ముందే తయారు చేసి పెట్టుకోండి. థ్రెడ్‌కు అవసరమైనప్పుడు యూజ్‌లొకేల్‌తో తగిలించండి, పని అవగానే తీసేయండి. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో 2008 నుంచి ఇవి ఉన్నాయి. లైనక్స్, మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ అన్నిటిలో దొరుకుతాయి. మ్యాక్‌లో ఎక్స్‌లొకేల్ అనే హెడర్ కూడా చేర్చుకోవాలి. విండోస్ కథ వేరు, కింద చెప్తాను.

మ్యూటెక్స్ ఎందుకు పనిచేయలేదో ముందు చూద్దాం, ఎందుకంటే ఈ పొరపాటు దాదాపు అందరూ చేస్తారు (నేనూ చేశాను). మీ తాళం లొకేల్ మార్చేవాళ్లను మాత్రమే వరసలో నిలబెడుతుంది. లొకేల్‌ను చదివేవాళ్లు ఆ వరసలోకే రారు. ప్రింట్‌ఎఫ్, స్ట్రింగ్‌ను దశాంశ సంఖ్యగా చదివే ఎస్‌టీఆర్‌టీఓడీ, తేదీ రాసే ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్, స్ట్రింగ్ పోల్చే ఫంక్షన్లు, అక్షరాన్ని పెద్దదిగా మార్చే ఫంక్షన్లు, ఇవన్నీ లొకేల్ చూసే నడుస్తాయి, కానీ మీ మ్యూటెక్స్ ఉందని వాటికి తెలియదు. మీరు లింక్ చేసిన లైబ్రరీల లోపల జరిగే పిలుపులైతే అసలు మీ చేతిలోనే ఉండవు. తాళాన్ని పెద్దది చేసి పని మొత్తానికీ చుట్టేస్తే ఒక థ్రెడ్ నడుస్తుంటే మిగతావి కూర్చుని చూస్తుంటాయి. దానికి మల్టీథ్రెడింగ్ ఎందుకు?

మీ కోడ్‌లో ఇంకో బొక్క కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. పాత లొకేల్ పేరు తెలుసుకోవడానికి సెట్‌లొకేల్‌కు నల్ ఇచ్చి పిలుస్తున్నారు కదా, అది తిరిగి ఇచ్చే స్ట్రింగ్ మీది కాదు. తర్వాత ఎవరైనా సెట్‌లొకేల్ పిలిస్తే అందులోని అక్షరాలు మారిపోవచ్చు. కాపీ చేసుకోకుండా పాయింటర్ మాత్రం దాచుకుంటే, చివర్లో మీరు "పాత లొకేల్" అనుకుని పెడుతున్నది నిజంగా పాతదేనన్న నమ్మకం లేదు.

ఇక పాయింట్ తర్వాతి భాగం ఎలా మాయమవుతుందో దగ్గర నుంచి చూద్దాం. జర్మన్ లొకేల్‌లో దశాంశానికి పాయింట్ బదులు కామా వాడతారు. ఒక థ్రెడ్ జర్మన్ వాడేవారి కోసం లొకేల్ మార్చింది. సరిగ్గా అదే క్షణంలో పక్క థ్రెడ్ "3.75" అనే స్ట్రింగ్‌ను ఎస్‌టీఆర్‌టీఓడీకి ఇచ్చింది. ఆ ఫంక్షన్ 3 చదివింది, తర్వాత పాయింట్ కనబడింది. జర్మన్ పద్ధతిలో అది దశాంశ గుర్తు కాదు కాబట్టి అక్కడే ఆగిపోయింది. తిరిగి ఇచ్చిన విలువ 3. ఎక్కడ ఆగిందో చెప్పే ఎండ్ పాయింటర్ ".75" దగ్గర నిలబడి ఉంటుంది, కానీ దాన్ని చూసేవాళ్లు ఎందరు? ఎర్‌నో (ఎర్రర్ కోడ్ ఉండే వేరియబుల్) మారదు, ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క లైను కూడా పడదు. క్రాష్ అయినా బాగుండేది అనిపించే రకం బగ్ ఇది.

నాకు ఇది మొదటిసారి తగిలింది రిపోర్టులు తయారుచేసే ఒక సర్వర్‌లో. మా సొంత కోడ్‌లో సెట్‌లొకేల్ పిలుపు ఒక్కటి కూడా లేదు. గ్రెప్‌తో కోడంతా వెతికి చూసుకుని నిబ్బరంగా ఉన్నాం. అయినా కొన్ని మెషిన్లలో, అదీ కొన్ని రోజుల్లోనే, మొత్తాలు తక్కువగా వచ్చేవి. రెండు వారాలు డేటాబేస్‌ను తిట్టుకున్నాం. చివరికి జీడీబీ అనే డీబగ్గర్‌లో సెట్‌లొకేల్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి, రెండో ఆర్గ్యుమెంట్ నల్ కానప్పుడే ఆగేలా కండిషన్ ఇచ్చి వదిలాం. కాసేపటికే ఆగింది. బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏది పిలిస్తే నడిచిందో చూపే జాబితా) చూస్తే గ్రాఫ్‌లు గీసే ఒక లైబ్రరీ. ఎవరైనా మొదటిసారి గ్రాఫ్ ఉన్న రిపోర్ట్ అడిగినప్పుడు దాని ఇనిట్ ఫంక్షన్ నడిచేది, అది ఖాళీ స్ట్రింగ్‌తో సెట్‌లొకేల్ పిలిచేది. ఖాళీ స్ట్రింగ్ ఇస్తే ఎన్విరాన్‌మెంట్‌లో ఏ లొకేల్ ఉంటే అది వచ్చేస్తుంది. తేడా చూపిన మెషిన్లలో జర్మన్ ఉంది. గ్రాఫ్ లేని రిపోర్టులు మాత్రమే నడిచిన రోజు ఏ సమస్యా లేదు.

ఇలాంటి లైబ్రరీలు అరుదు అనుకోకండి. విండోలూ బటన్లూ గీసే లైబ్రరీ జీటీకే ఇనిట్ అలాగే పిలుస్తుంది. అదే రకం లైబ్రరీ క్యూటీలో, యూనిక్స్ మీద, అప్లికేషన్ ఆబ్జెక్ట్ కూడా అంతే. అందుకే ఆబ్జెక్ట్ కట్టిన వెంటనే ఎల్‌సీ న్యూమరిక్‌ను (లొకేల్‌లో అంకెల కేటగిరీని) తిరిగి సీ లొకేల్‌కు (ఏ భాషకూ చెందని మూల లొకేల్‌కు) పెట్టుకోమని క్యూటీ డాక్యుమెంటేషన్ తనే చెబుతుంది.

మేము చేసిన మార్పు చిన్నది. ప్రతి వర్కర్ థ్రెడ్ మొదలవగానే సీ లొకేల్ ఆబ్జెక్ట్‌ను యూజ్‌లొకేల్‌తో తగిలించుకునేలా చేశాం. యూజ్‌లొకేల్ పెట్టుకున్న థ్రెడ్‌ను బయట ఎవరో పిలిచే సెట్‌లొకేల్ కదపలేదు. అది గ్లోబల్ లొకేల్‌ను మాత్రమే మారుస్తుంది. యూజ్‌లొకేల్ అంటే "థ్రెడ్‌కు వేరే భాష ఇవ్వడం" అనే అందరూ అనుకుంటారు. నా పనిలో మాత్రం దాన్ని కవచంలా వాడిన సందర్భాలే ఎక్కువ. కొత్త థ్రెడ్ ఎప్పుడూ గ్లోబల్ లొకేల్‌తోనే మొదలవుతుంది, తనను పుట్టించిన థ్రెడ్ పెట్టుకున్నది దానికి సంక్రమించదు. కాబట్టి ఈ పని ప్రతి థ్రెడ్ తన స్టార్ట్ ఫంక్షన్‌లో తనే చేసుకోవాలి.

ఇప్పుడు వాడకంలో కాలు జారే చోట్లు.

న్యూలొకేల్‌కు మూడు ఆర్గ్యుమెంట్లు: ఏ కేటగిరీలు అనే మాస్క్, లొకేల్ పేరు, ఒక బేస్ ఆబ్జెక్ట్. బేస్ ఇచ్చి పిలుపు విజయవంతమైతే ఆ పాత హ్యాండిల్ ఇక మీది కాదు. లోపలే మార్చి ఉండవచ్చు, ఫ్రీ చేసి ఉండవచ్చు. తిరిగి వచ్చినదాన్నే వాడాలి. విఫలమైతే మాత్రం బేస్ అలాగే ఉంటుంది, దాన్ని మీరే విడిపించాలి. మెమరీ సైజు మార్చే రియలాక్‌తో వచ్చే చిక్కే ఇది. ఫలితాన్ని నేరుగా అదే వేరియబుల్‌లో వేసుకుంటే, నల్ వచ్చిన రోజు పాతది లీక్ అవుతుంది.

యూజ్‌లొకేల్ పాత హ్యాండిల్‌ను తిరిగి ఇస్తుంది. అంతకుముందు ఏమీ పెట్టకపోతే వచ్చేది ఎల్‌సీ గ్లోబల్ లొకేల్ అనే ప్రత్యేక విలువ. దాన్ని తిరిగి యూజ్‌లొకేల్‌కు ఇవ్వవచ్చు, డూప్‌లొకేల్‌తో కాపీ తీయవచ్చు. ఫ్రీలొకేల్‌కు ఇవ్వకూడదు, న్యూలొకేల్‌కు బేస్‌గా ఇవ్వకూడదు, చివర అండర్‌స్కోర్ ఎల్ ఉన్న ఫంక్షన్లకూ ఇవ్వకూడదు. ప్రమాణం ప్రకారం ఇవన్నీ నిర్వచనం లేని ప్రవర్తనే. గ్లోబల్ లొకేల్‌ను ఆధారంగా చేసుకుని కొత్తది కట్టాలంటే ముందు డూప్‌లొకేల్, ఆ కాపీ మీద న్యూలొకేల్.

ఏ థ్రెడ్ అయినా తగిలించుకుని ఉన్న ఆబ్జెక్ట్‌ను ఫ్రీ చేయకూడదు. రిఫరెన్స్ కౌంట్ లాంటిది లోపల ఏదో ఉంటుందిలే అనుకోకండి, ఆ హామీ ఎవరూ ఇవ్వలేదు. థ్రెడ్ ముగిసినప్పుడు దాని లొకేల్ దానంతటదే విడుదల కూడా అవదు. రెండు గొడవలకీ నా మందు ఒకటే: ప్రోగ్రాం మొదట్లో కావలసిన లొకేల్స్ అన్నీ కట్టి ఒక టేబుల్‌లో పెడతాను, ప్రాసెస్ బతికున్నంతకాలం ఫ్రీ చేయను. పాతిక భాషలైనా అది పెద్ద మెమరీ కాదు. ఒకే ఆబ్జెక్ట్‌ను ఎన్ని థ్రెడ్లైనా ఒకేసారి వాడుకోవచ్చు, దాన్ని ఎవరూ మార్చనంత వరకు. వేగం పరంగా కూడా ఇదే సరి. న్యూలొకేల్ డిస్క్ మీది లొకేల్ డేటాను వెతకవలసి రావచ్చు, లోపల తాళం కూడా పడుతుంది. యూజ్‌లొకేల్ థ్రెడ్ లోకల్ స్టోరేజ్‌లో కొన్ని పాయింటర్లు మార్చి ఊరుకుంటుంది. రిక్వెస్ట్‌కు ఒక న్యూలొకేల్, ఒక ఫ్రీలొకేల్ రాసిన కోడ్ చూశాను. పని చేస్తుంది, కానీ ఆ ఖర్చు అనవసరం.

థ్రెడ్ పూల్‌లో అసలు ప్రమాదం వెనక్కి పెట్టడం మర్చిపోవడం. ఒక రిక్వెస్ట్ ఫ్రెంచ్‌లో పని చేసి మధ్యలో ఎర్రర్ వచ్చి ముందుగానే రిటర్న్ అయింది అనుకోండి. ఆ థ్రెడ్ ఫ్రెంచ్‌లోనే మిగిలిపోతుంది, తర్వాత వచ్చినవారు దాన్ని అనుభవిస్తారు. సీ ప్లస్ ప్లస్ అయితే కన్‌స్ట్రక్టర్‌లో పెట్టి డిస్ట్రక్టర్‌లో తీసే చిన్న గార్డ్ క్లాస్ రాసుకోండి. సీలో అయితే బయటికి వెళ్లే దారి ఒక్కటే ఉండేలా రాయండి, లాంగ్‌జంప్ (ఫంక్షన్ మధ్యలోంచి నేరుగా బయటికి దూకే పిలుపు) దాన్ని దాటిపోకుండా చూసుకోండి. పైగా పూల్ లూప్‌లోనే, ప్రతి పని మొదలయ్యే ముందు, బేస్ లొకేల్‌ను మళ్లీ తగిలించండి. ఖర్చు దాదాపు సున్నా, రాత్రి నిద్ర పడుతుంది. కోరూటీన్లు (మధ్యలో ఆగి తర్వాత కొనసాగే ఫంక్షన్లు) వాడుతుంటే ఇంకో మెలిక ఉంది. ఒక కోరూటీన్ ఆగి వేరే థ్రెడ్ మీద లేచిందంటే లొకేల్ పాత థ్రెడ్ దగ్గరే ఉండిపోయింది. కోరూటీన్ ఆగే చోటును దాటి గార్డ్ ఉండకూడదు.

వీలైన చోట యూజ్‌లొకేల్ కూడా వద్దు, లొకేల్‌ను నేరుగా ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే ఫంక్షన్లు వాడండి అంటాను నేను. ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్, స్ట్రింగ్ కొలేట్, టూఅప్పర్, ఎన్ఎల్ ల్యాంగ్‌ఇన్ఫో, ఎస్‌టీఆర్‌ఎర్రర్, వీటన్నిటికీ చివర అండర్‌స్కోర్ ఎల్ తగిలిన జంటలు పోసిక్స్‌లోనే ఉన్నాయి. ఎస్‌టీఆర్‌టీఓడీ జంట పోసిక్స్ 2008లో లేదు కానీ జీలిబ్‌సీలో (లైనక్స్‌లో ఎక్కువగా ఉండే సీ లైబ్రరీ) గ్నూ సోర్స్ మాక్రో పెడితే దొరుకుతుంది, మ్యాక్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ ఉంది. చిక్కల్లా ప్రింట్‌ఎఫ్ కుటుంబంతో. మ్యాక్, ఫ్రీబీఎస్‌డీలలో వాటికీ లొకేల్ తీసుకునే రూపాలు ఉన్నాయి, జీలిబ్‌సీలో లేవు. లైనక్స్‌లో ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ కోసం యూజ్‌లొకేల్ పెట్టి తీయడం తప్పదు. లొకేల్‌కాన్వ్ అనే ఫంక్షన్ జోలికి థ్రెడ్లలో వెళ్లకండి. జీలిబ్‌సీలో అది ఒకే స్టాటిక్ స్ట్రక్చర్‌ను నింపి ఇస్తుంది, యూజ్‌లొకేల్ వాడినా ఆ రేస్ (ఒక థ్రెడ్ చదువుతుండగా ఇంకోటి అదే చోట రాసే చిక్కు) పోదు. దశాంశ గుర్తు ఏమిటో కావాలంటే ఎన్ఎల్ ల్యాంగ్‌ఇన్ఫో జంటను రాడిక్స్ క్యార్ అని అడగండి.

గెట్‌టెక్స్ట్‌తో అనువాదాలు చూపిస్తుంటే రెండు ఉచ్చులు. ఒకటి, లాంగ్వేజ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. లొకేల్ సీ కాకపోతే గెట్‌టెక్స్ట్ ఎల్‌సీ మెసేజెస్ (సందేశాల భాష కేటగిరీ) కంటే దాన్నే ముందు చూస్తుంది. అది ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే. సర్వర్‌ను ఎవరో తమ డెస్క్‌టాప్ సెషన్ నుంచి మొదలుపెడితే, మీరు ఏ థ్రెడ్‌కు ఏ లొకేల్ పెట్టినా సందేశాలన్నీ ఒకే భాషలో వస్తాయి. నేను ఒక మధ్యాహ్నమంతా దీని మీద పోగొట్టుకున్నాను. మెయిన్ మొదటి లైన్లలో, థ్రెడ్లు లేనప్పుడే, దాన్ని అన్‌సెట్ చేసేయండి. రెండోది, ఎల్‌సీ సీటైప్. గెట్‌టెక్స్ట్ సందేశాన్ని ఆ కేటగిరీ చెప్పే క్యారెక్టర్ సెట్‌లోకి మార్చి ఇస్తుంది. ఎల్‌సీ మెసేజెస్ మాత్రం తెలుగుకో రష్యన్‌కో పెట్టి సీటైప్‌ను సీగా వదిలేస్తే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వరసకడతాయి. అందుకే నా వర్కర్ల బేస్ లొకేల్ మామూలు సీ కాదు, సీ యూటీఎఫ్ 8. జీలిబ్‌సీలో ఇది 2.35 వెర్షన్ నుంచి అధికారికంగా ఉంది. అంతకుముందు కొన్ని డిస్ట్రిబ్యూషన్లు సొంతంగా చేర్చుకునేవి.

మాస్కులను కలిపే తీరులో నా అలవాటు: వాడేవారి భాష నుంచి ఎల్‌సీ టైమ్, ఎల్‌సీ మెసేజెస్, ఎల్‌సీ సీటైప్, ఎల్‌సీ కొలేట్ తీసుకుంటాను. ఎల్‌సీ న్యూమరిక్ మాత్రం ఎప్పుడూ సీలోనే. మనుషులకు చూపే అంకెలను ఆ భాష పద్ధతిలో రాయడానికి వేరే ఫంక్షన్ ఉంటుంది, అందులో మాత్రమే పూర్తి లొకేల్ తగులుతుంది. జేసన్, సీఎస్‌వీ, కాన్ఫిగ్ ఫైలు, నెట్‌వర్క్ ప్రోటోకాల్, అంటే మెషిన్ చదివే ఏ రాతా లొకేల్ గుండా పోకూడదు. మీ సర్వర్‌లో సగం బాధ దీనితోనే పోతుందనుకుంటాను. సీ ప్లస్ ప్లస్ 17 వాడగలిగితే అంకెను స్ట్రింగ్‌గా, స్ట్రింగ్‌ను అంకెగా మార్చే టూ క్యార్స్, ఫ్రమ్ క్యార్స్ ఉన్నాయి, వాటికి లొకేల్‌తో సంబంధమే లేదు. (తమాషా ఏమిటంటే జీసీసీ 11లో దశాంశ సంఖ్యల ఫ్రమ్ క్యార్స్ మొదట వచ్చినప్పుడు లోపల యూజ్‌లొకేల్ పెట్టి ఎస్‌టీఆర్‌టీఓడీనే పిలిచేది. 12లో మార్చారు.) స్టాండర్డ్ లొకేల్ క్లాస్‌లోని గ్లోబల్ ఫంక్షన్ మాత్రం ప్రాసెస్ మొత్తాన్నీ మారుస్తుంది. పేరున్న లొకేల్ ఇస్తే లోపల సెట్‌లొకేల్ కూడా పిలుస్తుంది. దాని బదులు ఏ స్ట్రీమ్‌కు ఆ స్ట్రీమ్‌కు విడిగా ఇంబ్యూతో లొకేల్ పెట్టుకోండి.

అంకెలు ఒక్కటే కాదు. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేర్వేరు అక్షరాలు. చిన్నపెద్ద తేడా చూడకుండా పోల్చే ఫంక్షన్‌కు హెడర్ పేర్లూ కమాండ్ పేర్లూ ఇస్తే ఆ లొకేల్‌లో ఐ ఉన్న పదాలు కలవవు. అలాగే ఒక లొకేల్‌లో సార్ట్ చేసిన జాబితాను ఇంకో లొకేల్‌లో ఉన్న థ్రెడ్ బైనరీ సెర్చ్ చేస్తే, ఉన్న పేరు కూడా లేదంటుంది.

టైమ్‌జోన్ లొకేల్‌లో భాగం కాదు. ఇది చాలామంది కలిపేస్తారు. టీజెడ్ వేరియబుల్ ప్రాసెస్‌కు ఒక్కటే, పోసిక్స్‌లో థ్రెడ్‌కు విడిగా పెట్టే దారి లేదు. రిక్వెస్ట్‌కో టైమ్‌జోన్ కావాలంటే ఆ లెక్క చేసే లైబ్రరీ వాడండి. థ్రెడ్లు నడుస్తుండగా సెట్‌ఎన్వ్ (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చే ఫంక్షన్) పిలవకండి, అది సెట్‌లొకేల్ కంటే పెద్ద గొయ్యి.

విండోస్‌లో యూజ్‌లొకేల్ లేదు. అక్కడ కాన్ఫిగ్ థ్రెడ్ లొకేల్ అనే ఫంక్షన్‌కు ఎనేబుల్ ఫ్లాగ్ ఇస్తే, ఆ థ్రెడ్‌లో తర్వాత పిలిచే సెట్‌లొకేల్ ఆ థ్రెడ్‌కే పరిమితమవుతుంది. లొకేల్‌ను ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే ప్రింట్‌ఎఫ్ కూడా ఉంది, క్రియేట్ లొకేల్‌తో కట్టి ఇవ్వవచ్చు. నేను ఈ రెండో దారికే ఓటేస్తాను. సెట్ థ్రెడ్ లొకేల్ అనేది మాత్రం వేరే జంతువు. అది విన్32 వైపు సెట్టింగ్, సీ రన్‌టైమ్ దాన్ని పట్టించుకోదు. పేరు చూసి మోసపోయినవాళ్లు చాలామంది. ఒక డీఎల్ఎల్ సీ రన్‌టైమ్‌ను స్టాటిక్‌గా కలుపుకుని ఉంటే దాని లొకేల్ దానిదే, మీది దానికి చేరదు.

మజిల్ అనే చిన్న సీ లైబ్రరీ మీద నడిచే చిన్న కంటైనర్ ఇమేజ్‌లో పరీక్షించి "బగ్ లేదు" అని మూసేసిన టికెట్లు నేను రెండు చూశాను. మజిల్‌లో దశాంశ గుర్తు ఎప్పుడూ పాయింటే, ఏ లొకేల్ పెట్టినా మారదు. జీలిబ్‌సీ ఉన్న ఇమేజ్‌ల్లో కూడా చాలాసార్లు సీ, సీ యూటీఎఫ్ 8, పోసిక్స్ తప్ప వేరే లొకేల్స్ ఇన్‌స్టాల్ అయి ఉండవు. లొకేల్ కమాండ్‌కు మైనస్ ఏ ఇచ్చి ముందు చూసుకోండి. లేని లొకేల్ అడిగితే న్యూలొకేల్ నల్ ఇస్తుంది. ఆ నల్‌ను చూడకుండా యూజ్‌లొకేల్‌కు ఇస్తే, దానికి సున్నా అంటే "ఏమీ మార్చకు, ఇప్పుడున్నది చెప్పు" అని అర్థం. అంటే మీ థ్రెడ్ నిశ్శబ్దంగా పాత లొకేల్‌లోనే నడిచిపోతుంది.

మార్పు చేశాక నేను పెట్టే పరీక్ష ఇది. రెండు థ్రెడ్లు. ఒకటి గ్లోబల్ లొకేల్‌ను జర్మన్‌కూ సీకూ మధ్య ఆపకుండా మారుస్తుంటుంది, బయటి లైబ్రరీ చేసే ఆగడానికి నకలుగా. రెండోది మీ వర్కర్ మొదలయ్యే తీరులోనే మొదలై "3.75" ను పది లక్షల సార్లు చదివి, ప్రతిసారీ విలువతో పాటు ఎండ్ పాయింటర్ స్ట్రింగ్ చివర ఉందో లేదో చూస్తుంది. యూజ్‌లొకేల్ లైను తీసేసి ఒకసారి నడపండి, విఫలమవ్వాలి. విఫలం కాకపోతే ముందు ఆ మెషిన్‌లో జర్మన్ లొకేల్ ఉందో లేదో చూడండి. సెట్‌లొకేల్ నల్ ఇస్తే టెస్ట్ అక్కడే ఎర్రర్‌తో ఆగేలా రాసుకోండి.